పిల్లనగ్రోవికి అందని చోటు

మా ఊళ్ళో మాలకీ కిల్‌కాయిన్‌ని దర్జీ అంటారు. అతను సూదీ దారం పట్టి ఎరగడు, చొక్కా గుండీ ఊడితే గుండీ లేకుండానే సంతకు పోతాడు. ఆ పేరు వచ్చింది అతని రేకు పిల్లనగ్రోవి వల్ల. ఆరు కన్నాల గొట్టం అది, కోటు లోపలి జేబులో పడుతుంది. పైకి ఎగరడానికి దానికి కొంత దూరం ఉంది గానీ, కింద మాత్రం ఒక గడప ఉంది. ఆ గడప దాటి దాని స్వరం కిందికి దిగలేదు. మా వైపు పాత వరసలేమో చాలావరకు ఫిడేలు వాళ్ళు కట్టినవి. ఫిడేలు మీద లావు తీగ ఉంటుంది చూడండి, అది ఆ గడప కింద ఇంకా చాలా లోతుకు పోతుంది. అలాంటి వరస వస్తే మామూలు పిల్లనగ్రోవి వాళ్ళు మా వల్ల కాదని గ్లాసు అందుకుంటారు. మాలకీ అలా కాదు. విన్నదాన్ని ఇంటికి తీసుకెళ్ళి, గొర్రెల వెనక వారం రోజులు తిప్పి, కిందికి జారిన చోట పంట్లాం అంచు మడిచినట్టు పైకి మడిచి, ఇరుకైన చోట వేలితో సగం కన్నం మూసి, వచ్చే బుధవారానికి తన కొలతకు కుట్టుకొచ్చేవాడు. "కుదిరింది" అనేవాడు, కూర్చుంటూనే. అంతకు మించి అతను గొప్పలు చెప్పుకోగా నేను వినలేదు.

బుధవారం అంటే డెవానీ పబ్బు. పొయ్యి పక్క బెంచీ మీద అట్రాక్టా స్కాన్లన్ ఫిడేలుతో, ఎదురుగా స్టూలు మీద మాలకీ. మధ్యలో ఎవరెవరో వచ్చి చేరేవారు, కొందరు పెళ్ళిళ్ళు చేసుకుని పోయారు, కొందరు నేరుగా శ్మశానానికే పోయారు. వీళ్ళిద్దరూ మిగిలారు. ముప్పై ఏళ్ళు పైబడి వారానికోసారి ఎదురెదురుగా కూర్చున్న మనుషులు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకున్నారయ్యా అంటే, "వర్షం తగ్గిందా", "తగ్గలేదు". ఆ తర్వాత వాయిద్యాలు ఎత్తుకునేవారు. ఊళ్ళో నోళ్ళు ఊరుకుంటాయా. మొదట్లో ఆ జంట గురించి పందేలు కాశారు, తర్వాత జోకులు వేశారు, చివరికి విసుగు పుట్టి మానేశారు.

నా సంగతి కూడా చెప్పాలి. నా పేరు ఇమెల్డా. కౌన్సిల్ తరఫున ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి స్నానాలు చేయిస్తాను, వంట చేస్తాను, వాళ్ళ తిట్లు తింటాను. సంగీతం నాకు రాదు. మా ఆయన బతికి ఉన్న రోజుల్లో నేను ఈల వేస్తే మా కుక్క కూడా వచ్చేది కాదు. ఆయన పోయాక బుధవారాలు పబ్బుకి వెళ్ళడం మొదలెట్టాను, ఎందుకంటే మనుషులున్న గదిలో ఉండాలనిపించేది. మంచి జరగనీ చెడు జరగనీ, ఆ పొయ్యి దగ్గర ఇద్దరు ఉంటారని తెలుసు.

బంగాళాదుంపలు తవ్వుకునే రోజుల్లో అట్రాక్టా వంటింట్లో పడిపోయింది. పక్షవాతం. ఎడమ పక్క మొత్తం పోయింది. మాట పోలేదు గానీ బరువెక్కింది, ఒక్కో మాటకీ గుట్ట ఎక్కుతున్నంత ప్రయాస. కుడి చెయ్యి బాగానే ఉంది, చెంచా పట్టుకుంటుంది, నేను బల్ల సరిగా తుడవకపోతే నా చేతి మీద కొడుతుంది. అయితే ఫిడేలు మీద పాటంతా ఎడమచేతి వేళ్ళది. ఆ వేళ్ళు ఒళ్ళో దుప్పటి మీద పడి ఉండేవి. వాటిని ఆమె వేరే ఎవరివో అన్నట్టు చూసేది.

కార్క్‌లో ఉన్న మేనల్లుడు డెక్లన్ చలికాలం నడుమ వచ్చి, తన ఇంటి దగ్గర మంచి వృద్ధాశ్రమం ఉందనీ, శనివారం కారు తెచ్చి తీసుకుపోతాననీ చెప్పాడు. చెడ్డవాడేం కాదు. ఆమె తల ఊపింది. అతను వెళ్ళాక నన్ను పిలిచి, "మాలకీని రమ్మను" అంది.

అతను వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, గుమ్మంలోనే నిలబడ్డాడు. పబ్బు గోడల మధ్య తప్ప ఆమెను చూసి ఎరగడు, ఆ ఇంటి వంటగదిలో ఎక్కడ నిలబడాలో కూడా తెలియలేదు పాపం.

"వర్షం తగ్గిందా" అంది ఆమె.

"తగ్గలేదు" అన్నాడు.

"నా పాట. నీ దగ్గర వదిలి పోతాను."

ఆమె కట్టిన వరస ఒకటుంది. దానికి పేరు పెట్టలేదు, ఊళ్ళో అట్రాక్టాది అంటారు. నెమ్మదిగా నడిచేది. రికార్డు చేస్తామని ఎవరు వచ్చినా ఆమె ఒప్పుకోలేదు. ఫిడేలు పట్టేవాళ్ళు మా చుట్టుపక్కల ఇప్పుడు లేరు, పిల్లలంతా అకార్డియన్‌లు నేర్చుకుంటున్నారు, అవి ఆమెకు పడవు. కాబట్టి ఆ పాట నిలిస్తే మాలకీ దగ్గర నిలవాలి, లేదా ఆమెతోపాటు కార్క్‌లో ఒక మంచం మీద పడి ఉండాలి.

"దానికేముంది" అన్నాడు మాలకీ. "అది ఎప్పుడో కుట్టేశాను కదా. ఏళ్ళుగా నీతోపాటే ఊదుతున్నాను."

"ఒక్కడివే ఊదు."

ఊదాడు. మొదటి భాగం హాయిగా సాగింది. రెండో భాగంలో ఆ వరస లావు తీగ మీదకు దిగుతుంది. అక్కడ మాలకీ ఎప్పటిలాగే పైకి మడిచాడు. పబ్బులో ఆమె కింద ఉండి ఇతను పైన ఉంటే బాగానే ఉండేది. ఇక్కడ ఆ పైది ఒక్కటే మిగిలేసరికి నాకు కూడా తెలిసిపోయింది, ఏడుస్తున్న మనిషి ముందు ఎవరో కిచకిచలాడినట్టుంది.

"కాదు" అంది అట్రాక్టా.

"ఎందుకు కాదు?"

"కోడిపిల్ల."

అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. కోపం కాదు, పని దొరికిన మనిషి నడక అది.

మర్నాటి సాయంత్రం ఇంకో ఉపాయంతో వచ్చాడు. వరస మొత్తాన్ని పైకి జరిపాడు, ఆ కింది భాగం తన గడప లోపలికి వచ్చేంత. కింది భాగం వచ్చింది. ఇప్పుడు పై భాగం పోయింది. పైన స్వరాలు అందక గట్టిగా ఊదితే పిల్లనగ్రోవి కీచుమంది, పొయ్యి ముందు పడుకున్న పిల్లి లేచి బయటికి పోయింది.

"తలకు లాగితే కాళ్ళు, కాళ్ళకు లాగితే తల" అన్నాడు. "ఈ దుప్పటి చాలదు."

"కాదు" అంది ఆమె, అతను అడగకముందే.

"విన్నాను. పిల్లి కూడా అదే మాట చెప్పింది."

ఆ తర్వాత బడి పంతులు దగ్గర ఒక పొడుగాటి విజిల్, అదే పెద్ద పిల్లనగ్రోవి, అడిగి తెచ్చాడు. అది మంద్రంగా పలుకుతుంది. చూడ్డానికి వర్షపు నీళ్ళ గొట్టంలా ఉంది, కన్నాల మధ్య దూరం ఎంతంటే, గొర్రెల ఉన్ని కత్తిరించి కత్తిరించి వంకర తిరిగిన మాలకీ వేళ్ళు వాటి మీద పరుచుకోలేకపోయాయి. ఎంత మంద్రమైనా దాని అడుగు కూడా ఆమె లావు తీగ అడుగుకి పైనే ఉంది.

"నా ఇంటి చూరు గొట్టం ఊడదీసి తేనా?" అన్నాను.

"తే. ముందు నీ మీదే పరీక్షిస్తాను" అన్నాడు మాలకీ.

అట్రాక్టా నవ్వింది. నోటి ఒక పక్కే నవ్వింది. ఆ నవ్వు చూసి మాలకీ పొడుగు విజిల్‌ని తుడవడం మొదలెట్టాడు, తుడిచిందే తుడిచాడు. తర్వాత ఆమె "కాదు" అనలేదు. అనాల్సిన పని లేకపోయింది.

శుక్రవారం పొద్దున ఆమె తల కడుగుతున్నాను. సింకు ముందు కుర్చీ వేసి, మెడ కింద తువ్వాలు పెట్టి. జుట్టు ఇంకా ఒత్తుగానే ఉంది, నాకంటే నయం. నా నోరు ఊరికే ఉండదు కదా.

"అతన్ని ఎందుకు ఏడిపిస్తావు?" అన్నాను. "నువ్వు రేపు పోతున్నావు. ఏదో ఒకటి బాగుందని అనేస్తే అతనూ నిద్రపోతాడు."

నేను మగ్గుతో నీళ్ళు పోస్తూనే ఉన్నాను.

"ఆ కింది భాగం" అంది చివరికి. "కావాలనే అక్కడ పెట్టా."

"ఎక్కడ?"

"అతనికి అందని చోట."

ఆ తర్వాత మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. నేను కలిపి చెబుతున్నాను. ఆమె ఏ వరస తెచ్చినా అతను వారంలో దాన్ని తన గొట్టంలో ఇమిడ్చేసుకునేవాడట. ఆమె ఏం వాయించినా పక్కన అతనూ అదే ఊదుతూ ఉండేవాడు, చివరిదాకా, ఒక్క స్వరం వదలకుండా. మాలకీ వాళ్ళమ్మ చనిపోయిన ఆ ఏడు చలికాలంలో ఆమె ఈ పాట కట్టింది. మా ఊళ్ళో తల్లి బతికున్న బ్రహ్మచారి ఇంట్లోకి ఇంకో ఆడది పెళ్ళాంగా గడప దాటదు, కాబట్టి ఆ చలికాలం ఏమిటో నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ కింది భాగంలోకి వచ్చేసరికి అతని దగ్గర స్వరాలు ఉండవు, ఆగిపోతాడు, ఆగితే వింటాడు, విన్నవాడు ఏదో ఒకటి అడుగుతాడు అనుకుంది.

"ఆగలేదు" అంది అట్రాక్టా. "వచ్చే బుధవారం వచ్చాడు. కుదిరింది అన్నాడు."

నా చేతిలో మగ్గు అలాగే ఉండిపోయింది. అతన్ని తప్పు పట్టడానికీ లేదు. మా వైపు పద్ధతే అది. ఎవరైనా వరస ఎత్తుకుంటే అందరూ కలిసి అదే వరస, ఒకటే దారి. తెలిసిన పాట మధ్యలో దించేస్తే పక్కనున్నవాళ్ళని నడివీధిలో వదిలేసినట్టు. మర్యాద తెలిసిన వాద్యగాడు ఆగడు. అతను మర్యాదగా ఆమెను ముప్పై ఏళ్ళు మాట్లాడనివ్వలేదు.

"నేను చెబుతాను" అన్నాను. "ఇప్పుడే వెళ్ళి చెబుతాను ఆ మొద్దుకి."

ఆమె కుడి చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో ఇంకా ఎంత బలం ఉందో.

"చెబితే ఆగుతాడు" అంది. "చెప్పించుకుని ఆగడం దేనికి, పిల్లా."

నా వయసు యాభై ఏడు. నన్ను ఇంకా పిల్లా అనేది ఆవిడొక్కతే. నేను ఆమె జుట్టు తుడిచి, దువ్వి, పొయ్యి దగ్గరికి జరిపి, పెరట్లోకి పోయి, ఉల్లిపాయలు లేకుండానే ఏడ్చాను.

మధ్యాహ్నం దారిలో మాలకీ కనిపించాడు, గేటు మీద వాలి, నోటితో ఏదో మెదుపుతూ. గొర్రెలు అతని వైపే చూస్తున్నాయి. నాలుక చివరిదాకా వచ్చింది మాట. దాన్ని మింగడం నా జీవితంలో నేను చేసిన పెద్ద పనుల్లో ఒకటి.

"తిన్నావా?" అన్నాను.

"తిన్నాననుకుంటా" అన్నాడు. "ఇమెల్డా, రేపటి తర్వాత బుధవారాలు ఎట్లా?"

"ఎట్లా ఏముంది. నువ్వు ఊదు, నేను వింటాను."

"నీకు పాట వినే చెవి లేదు కదా."

"లేదు. అయినా కుర్చీ నిండుతుంది."

అతను నవ్వలేదు. "ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని ఊదితే నాకు పాట తెలియడం లేదు" అన్నాడు. "ఆమె లేకుండా ఊదితే సగం కంచం తిన్నట్టుంది. నాకు ఆ పాట వచ్చనుకున్నాను ఇన్నాళ్ళూ."

సాయంత్రం చివరిసారి వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు, చొక్కాకి గుండీలన్నీ ఉన్నాయి. ఎవరు కుట్టారో నేను అడగలేదు. పొయ్యిలో మట్టిగడ్డలు, బీడులో కోసి ఎండబెట్టినవి, మాకు కట్టెలు అవే, బాగా అంటుకుని ఉన్నాయి. ఆమె పెట్టె కట్టి గుమ్మం దగ్గర పెట్టి ఉంది, దాన్ని చూడకుండా ముగ్గురం టీ తాగాం.

"ఇది చివరిది" అన్నాడు. "ఇంతకంటే నా వల్ల కాదు."

ఈసారి మడవలేదు, జరపలేదు. ఆ చోటు వచ్చేసరికి తన గడప మీద, అడుగు స్వరం మీద నిలబడిపోయాడు. కింద ఆమె స్వరాలు నడిచే దారంతా అతను పైన ఆ ఒక్క స్వరం దగ్గరే ఉండి, దాన్ని చిన్నగా ఊపుతూ, అప్పుడప్పుడూ పక్క స్వరాన్ని తాకి వెనక్కి వస్తూ. కిందికి దిగలేనివాడు మెట్ల పైన నిలబడి చూస్తున్నట్టు.

అట్రాక్టా కళ్ళు మూసుకుని వింది. మాలకీ ఊదడం ముగించి ఆమె వైపు చూశాడు. బడిలో పలక చూపించే పిల్లాడి ముఖం అది, అరవై ఎనిమిదేళ్ళ మనిషికి.

"బాగుంది" అంది ఆమె. "చాలా బాగుంది."

అతను ఊపిరి వదిలాడు.

"కాదు" అంది.

మాలకీ లేచి నిలబడ్డాడు. అతనికి కోపం రావడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. గొంతు మాత్రం పెద్దది చేయలేదు.

"ఏం కావాలి నీకు?" అన్నాడు. "మడిచాను. జరిపాను. మార్చాను. ఊరి నుంచి గొట్టాలు మోసుకొచ్చాను. లేనివాటిని ఎక్కణ్ణుంచి తేను? నా దగ్గర ఉన్నవన్నీ ఇచ్చాను, అట్రాక్టా."

ఆమె నా వైపు ఒకసారి చూసింది, నోరు మూసుకో అన్నట్టు. నేను టీ గిన్నెను గట్టిగా పట్టుకున్నాను.

అతను మళ్ళీ కూర్చున్నాడు. పిల్లనగ్రోవి ఎత్తి మొదటి నుంచి ఊదాడు, మొండిగా, అలసటగా, ఎవరినీ మెప్పించాలని లేకుండా. మొదటి భాగం అయింది. రెండోది మొదలైంది. ఆ చోటికి వచ్చాడు. వేళ్ళు కన్నాల మీద ఉన్నాయి, ఊపిరి మాత్రం రాలేదు. పిల్లనగ్రోవిని పెదాల నుంచి దించి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఇక్కడ నాకేం లేదు" అన్నాడు.

పొయ్యిలో ఒక గడ్డ కూలి నిప్పులు జారాయి. అప్పుడు చూశాను, ఆమె కుడి చెయ్యి దుప్పటి మీద కదులుతోంది. పక్కకి, వెనక్కి, నెమ్మదిగా, మణికట్టు వంచి. ఆ చోట నడవాల్సిన ఫిడేలు కమాను ఆ ఖాళీ చేతిలో నడుస్తోంది. కళ్ళు మూసుకునే ఉంది. అతను ఆగాడని ఆమెకు తెలుసు, ఆగితే తనేం చెయ్యాలనుకుందో అది చేస్తోంది, అంతే.

మాలకీ ఆ చేతిని చూశాడు. కదలకుండా, అది ఆగేదాకా చూశాడు. అది ఆగాక కూడా అతను పిల్లనగ్రోవి ఎత్తలేదు. లేచి, గోడకున్న ఫిడేలు దించి, దుమ్ము ఊది, తీగలు సరిచేయడం మొదలెట్టాడు. నెలల తరబడి ముట్టనిది, బిరడాలు బిగుసుకుపోయాయి. లావు తీగను చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు తిప్పాడు. తర్వాత ఆమె ఎడమ పక్క నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఫిడేలును ఆమె భుజం మీద ఆనించి, దాని మెడను ఒక చేత్తో, కింది భాగాన్ని ఇంకో చేత్తో ఎత్తి పట్టుకున్నాడు.

"కమాను ఇవ్వు ఇమెల్డా" అన్నాడు.

ఇచ్చాను. ఆమె పట్టుకుంది. మొదట గరగరమంది. రెండోసారి పలికింది.

తీగను నొక్కడానికి వేళ్ళు లేవు కాబట్టి పలికేది ఒక్క స్వరమే, లావు తీగ అడుగు స్వరం. ఆమె ఆ ఒక్కదాని మీదే ఆ భాగమంతా వాయించింది. ఎక్కడ సాగాలో అక్కడ సాగదీసి, ఎక్కడ తెగాలో అక్కడ తెంపి. అంత మంద్రమైన చప్పుడు ఆ చిన్న పెట్టెలో ఉందని నేను అనుకోలేదు. నేల మీద పెట్టిన నా కాళ్ళకు తెలిసింది. మాలకీ చెంప ఫిడేలు చెక్కకు దాదాపు ఆనుకుని ఉంది. అతని రెండు చేతులూ నిండిపోయాయి, ఊదడానికి లేదు, కళ్ళు తుడుచుకోవడానికీ లేదు. అవి అలాగే కారాయి.

కమాను ఆగింది.

"ఇది నేనెప్పుడూ వినలేదే" అన్నాడు.

"ఎట్లా వింటావు" అంది అట్రాక్టా. "ఊదుతున్నావు కదా."

అతను తల దించుకున్నాడు. ఆమె కమాను చివరతో అతని భుజం మీద చిన్నగా కొట్టింది, నేను బల్ల సరిగా తుడవకపోతే కొట్టినట్టే.

"ఇంకోసారి వాయించు" అన్నాడు మాలకీ.

వాయించింది. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. అక్కడ నాకు పని లేదు, కోటు వేసుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి ఇంటికి వచ్చేశాను. ఇంట్లో పొయ్యి ఆరిపోయి ఉంది.

శనివారం డెక్లన్ కారు వచ్చింది. ఆమెను కూర్చోబెట్టి, ఫిడేలు పెట్టెను వెనక సీట్లో పెట్టాం. మాలకీ గేటు తెరిచి పట్టుకున్నాడు. "వర్షం తగ్గింది" అన్నాడు అద్దం దగ్గర వంగి. "అవును" అంది ఆమె. కారు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత బుధవారాలు అతను పబ్బుకి వచ్చేవాడు. అట్రాక్టాది ఊదేవాడు. ఆ చోటు వచ్చేసరికి ఆపి, పిల్లనగ్రోవిని మోకాలి మీద పెట్టుకుని, ఆ భాగం ఎంతసేపుంటుందో అంతసేపు నేల వైపు చూస్తూ కూర్చునేవాడు. తెలియనివాళ్ళు అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టేవారు. ఎండాకాలంలో వచ్చే సైకిళ్ళ వాళ్ళయితే లేచి నిలబడి మరీ కొట్టేవారు. చప్పట్లు అయ్యేదాకా ఉండి మిగతాది ఊదేవాడు. ఒకసారి అకార్డియన్ కుర్రది ఒకతె మంచి మనసుతో ఆ ఖాళీలో కింది స్వరాలు నింపబోయింది. నేను గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టి ఆమెకు వినపడేలా, "అక్కడ మనిషి ఉంది" అన్నాను. ఎక్కడ అని చుట్టూ చూసింది పాపం.

డెక్లన్ ఒకసారి ఫోన్ చేశాడు. అత్త బాగానే ఉందనీ, తింటోందనీ, ఫిడేలు బీరువా మీద ఉందనీ చెప్పాడు. అక్కడి నర్సమ్మ ఒకావిడ ఫిడేలు ఎత్తి పట్టుకుంటానంటే వద్దందట. నేను ఆ మాట మాలకీకి చెప్పాను. అతను గ్లాసు ఖాళీ చేసి, "కార్క్‌కి బస్సు ఎక్కడ ఎక్కాలి?" అన్నాడు. పబ్బు ముందే ఎక్కి, గాల్వే పట్నంలో బస్సు మారాలని చెప్పాను. వచ్చే బుధవారం మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. ఈలోగా గొర్రెలు ఈనే కాలం వచ్చింది, తర్వాత బీడులో మట్టిగడ్డలు కోసే కాలం, తర్వాత ఉన్ని కత్తిరించే కాలం. ప్రతి బుధవారం అడిగేవాడు, గాల్వేలో మారాలని అతనికి నాకంటే బాగా తెలుసు.

చివరికి నాకు ఒళ్ళు మండింది. వినడానికి ముప్పై ఏళ్ళు పట్టింది, వెళ్ళడానికి ఇంకో ముప్పై పడితే ఆ బీరువా మీది ఫిడేలు ఎవరి కోసం? టికెట్ కొని అతని గ్లాసు పక్కన పెట్టాను.

"గొర్రెలు?" అన్నాడు.

"నేను చూస్తాను."

"నీకు గొర్రెలంటే అసహ్యం."

"అవును."

టికెట్ తిప్పి చూశాడు. "ఇది వెళ్ళడానికే. రావడానికేదీ?"

"అక్కడికి పోయాక ఆమెనడుగు" అన్నాను.

వెళ్ళాడు. ఇంకా రాలేదు. డెక్లన్ చెప్పడం, రోజూ సాయంత్రం ఆ గదిలోంచి ఒకటే మోత వస్తోందట, పక్క గదుల వాళ్ళు ఫిర్యాదు చేశారట, అయినా ఆగడం లేదట. నాకు సంతోషంగానే ఉంది. ఊళ్ళో వదిలి వెళ్దామనుకున్న పాట ఊళ్ళో లేకుండా పోయింది, ఇప్పుడు ఇక్కడ అది ఎవరికీ రాదు. నాకు అందులో తెలిసింది ఒక్కటే, ఎక్కడ ఆగాలో. బుధవారాలు డెవానీ పబ్బులో టీవీ పెడుతున్నారు. నేను గొర్రెలకు గడ్డి వేసి, చేతులు కడుక్కుని, వెళ్ళి పొయ్యి దగ్గర కూర్చుంటున్నాను. బెంచీ, స్టూలు రెండూ ఖాళీగానే ఉంటున్నాయి.